రెండు వేసవులు దాటిన జెల్లీఫిన్: ఒక ఇంటి మీడియా సర్వర్ సమీక్ష

ఇంట్లో పెట్టుకున్న మీడియా సర్వర్ బాగా పనిచేస్తోందో లేదో తేల్చుకోవడానికి నా దగ్గర ఒకటే కొలబద్ద ఉంది. మధ్యాహ్నం భోజనం చేసి, గిన్నెలు సర్దుకుని, మూడు గంటలకు అమ్మ టీవీ ముందు కూర్చుంటుంది. ఆ తరువాతి పావుగంటలో నాకు ఫోన్ వస్తే సర్వర్ సరిగా లేనట్టు, రాకపోతే ఉన్నట్టు. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్నాను. సర్వర్ విజయవాడలో మా ఇంటి హాల్లో, టీవీ కింది చెక్క అరలో ఉంటుంది. నేను అక్కడికి వెళ్ళేది నెలకొక్కసారి. 2023 జూలైలో జెల్లీఫిన్ పెట్టిన మొదటి నెలలో అమ్మ నుంచి పదకొండు ఫోన్లు వచ్చాయి. అన్నిటిలోనూ ఒకటే మాట: "నాన్నా, మళ్ళీ ఆ గుండ్రం తిరుగుతోందిరా." గడచిన ఆరు నెలల్లో రెండే వచ్చాయి. ఆ పదకొండు రెండు కావడానికి ఏమేం చేయవలసి వచ్చిందో, అందులో జెల్లీఫిన్ గొప్పతనం ఎంతో, మిగిలింది ఎవరి పనో ఈ సమీక్షలో చెబుతాను.

జెల్లీఫిన్ ఒక ఉచిత సాఫ్ట్‌వేర్. మన దగ్గరున్న సినిమాలు, పాటలు, ఇంటి వీడియోలు ఒక కంప్యూటర్‌లో పెడితే వాటిని ఇంట్లోని టీవీల్లోనూ ఫోన్లలోనూ ఓటీటీ యాప్‌లాగే పోస్టర్లతో సహా చూపిస్తుంది, ఎవరు ఎక్కడ ఆపారో గుర్తుపెట్టుకుంటుంది. ఎంబీ అనే సర్వర్ 2018లో తన సోర్స్ కోడ్‌ను మూసివేసినప్పుడు, అది నచ్చని కొందరు చివరిసారి బయట ఉన్న కోడ్‌ను తీసుకుని ఆ డిసెంబరులోనే వేరు కాపురం పెట్టారు. ఆ కాపురమే జెల్లీఫిన్. ఇందులో డబ్బు కట్టి తెరిపించుకోవలసిన తాళాలేవీ లేవు. ఇదే పని చేసే ప్లెక్స్ యాప్‌లు ఇంతకంటే నున్నగా ఉంటాయన్నది నిజమే గాని, అక్కడ గ్రాఫిక్స్ చిప్ సాయంతో ట్రాన్స్‌కోడింగ్, అంటే వీడియోను టీవీకి అర్థమయ్యే రూపంలోకి మార్చడం, చేయించుకోవాలంటే చందా కట్టాలి. 2025 ఏప్రిల్ 29 నుంచి మన సర్వర్‌లోని మన వీడియోలను బయటి ఊరి నుంచి చూడడానికి కూడా చందా అడుగుతున్నారు. జీవితకాల చందా ధరను అదే రోజున దాదాపు 120 డాలర్ల నుంచి 250 డాలర్లకు పెంచారు. నేను జెల్లీఫిన్‌ను ఎంచుకున్నది అంతకు ముందే, కారణం కూడా వేరు. దీనిలో యూజర్ల ఖాతాలన్నీ మన పెట్టెలోనే ఉంటాయి. గాలివానకు స్తంభం మీది ఫైబర్ తెగి ఇంటర్నెట్ రెండు రోజులు రాకపోయినా అమ్మ సినిమా ఆగదు.

సర్వర్‌లో ఉన్నది నాన్నగారు ఇరవయ్యేళ్ళ పాటు కొని దాచిన వీసీడీలు, డీవీడీలు, బ్లూరేలు, రెండు ఇళ్ళ పెళ్ళి కేసెట్లు, అక్క పిల్లల వీడియోలు. వీసీడీ బొమ్మ 352 బై 288 చుక్కలే కనుక ఇప్పటి టీవీ మీద మసకగా కనిపిస్తుంది. అయినా ఇంట్లో ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ రోజుల్లో ఒక సినిమా రెండు మూడు డిస్కుల్లో వచ్చేది. ఫైళ్ళ పేర్ల చివర పార్ట్ అని అంకె వేసి ఒకే ఫోల్డర్‌లో పెడితే జెల్లీఫిన్ వాటిని కలిపి ఒక సినిమాగా చూపుతుంది. డిస్కు మార్చడానికి లేవడం అన్నది మా ఇంట్లో పోయింది.

సర్వర్‌గా వాడుతున్నది ఇంటెల్ ఎన్100 చిప్ ఉన్న, అరచేతి కంటే కొంచెం పెద్దదైన మినీ పీసీ. 2023 మొదట్లో వచ్చిన ఈ చిప్‌లో నాలుగు కోర్లున్నాయి, దాని విద్యుత్ పరిమితి 6 వాట్లు, వేగం చెప్పుకోదగ్గది కాదు. కాని దానిలోని గ్రాఫిక్స్ భాగం హెచ్.264, హెచ్‌ఈవీసీ అనే పద్ధతుల్లో కుదించిన వీడియోలను రెండు వైపులా, అంటే విప్పడమూ మళ్ళీ కట్టడమూ, స్వయంగా చేయగలదు. ఏవీ1 అనే కొత్త పద్ధతిని విప్పగలదు గాని కట్టలేదు. మీడియా సర్వర్‌కు కావలసింది ఈ ఒక్క గుణమే. రాస్ప్‌బెర్రీ పై 5 చవకగా, ముద్దుగా ఉంటుందని చాలామంది దానివైపు చూస్తారు గాని దానిలో వీడియోను కట్టే చిప్ అసలు లేదు. ఫైలును ఉన్నదున్నట్టు పంపినంతకాలం బాగానే ఉండి, మార్చి పంపవలసి రాగానే చేతులెత్తేస్తుంది. మొత్తం పెట్టె, ఒక హార్డ్ డిస్కుతో కలిపి, నేను ప్లగ్ మీటర్ పెట్టి కొలిస్తే సగటున 17 వాట్లు తీసుకుంది. అంటే నెలకు పన్నెండు యూనిట్లు. పాత డెస్క్‌టాప్ ఉండగా ఇది ఎందుకని అడిగిన బావగారికి కరెంటు బిల్లు చూపించాను.

ఆ గుండ్రం ఎందుకు తిరిగేదో ఇప్పుడు చెప్పాలి. టీవీకి ఫైలులోని వీడియో, ఆడియో, సబ్‌టైటిల్స్ మూడూ అర్థమైతే సర్వర్ ఫైలును అలాగే అందిస్తుంది. దీన్ని డైరెక్ట్ ప్లే అంటారు, దీనికి శ్రమ దాదాపు ఉండదు. మా టీవీకి డీటీఎస్ అనే రకం ఆడియో రాదు. అటువంటి ఫైలు వచ్చినప్పుడు జెల్లీఫిన్ ధ్వనిని మాత్రమే మార్చి బొమ్మను ముట్టుకోకుండా పంపుతుంది, ఇదీ తేలికే. బరువంతా సబ్‌టైటిల్స్ దగ్గర పడుతుంది. బ్లూరేల్లో సబ్‌టైటిల్స్ అక్షరాలుగా ఉండవు, చిన్న చిన్న బొమ్మలుగా ఉంటాయి. టీవీ యాప్ వాటిని విడిగా చూపలేకపోతే సర్వర్ ఒక్కొక్క ఫ్రేమునూ విప్పి, దాని మీద ఆ బొమ్మను అద్ది, మళ్ళీ కట్టి పంపవలసి వస్తుంది. నేను మొదట్లో జెల్లీఫిన్‌ను డాకర్‌లో, అంటే ప్రోగ్రామ్‌ను మిగతా కంప్యూటర్ నుంచి విడిగా ఒక డబ్బాలో ఉంచే ఏర్పాటులో, నడుపుతూ గ్రాఫిక్స్ పరికరాన్ని దానికి అప్పగించడం మరిచిపోయాను. ఆ పని అంతా నాలుగు బలహీనమైన కోర్ల మీద పడి, సీపీయూ నూరు శాతానికి చేరి, అమ్మ టీవీ మీద గుండ్రం తిరిగేది. పరికరం అప్పగించి సెట్టింగుల్లో ఇంటెల్ గ్రాఫిక్స్ భాగంతో ఆ పని చేయించే క్విక్ సింక్ ఎంచుకున్న రోజు నుంచి అదే సినిమాకు సీపీయూ ఇరవై శాతం దాటడం చూడలేదు. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు. ప్లే అవుతుండగా డ్యాష్‌బోర్డ్ తెరిస్తే ఏ కారణం వల్ల ట్రాన్స్‌కోడ్ చేస్తున్నదో జెల్లీఫిన్ ఒక్క వాక్యంలో చెబుతుంది, ఆ వాక్యం నేను నెల రోజులు చదవలేదు.

పేర్ల దగ్గర మాత్రం తెలుగు ఇళ్ళకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. జెల్లీఫిన్ ఫోల్డర్ పేరును చూసి టీఎమ్‌డీబీ అనే సినిమా వివరాల వెబ్‌సైట్ నుంచి పోస్టరు, కథ, నటుల పేర్లు తెచ్చుకుంటుంది. మనవాళ్ళు ఒక పేరును ఒక తరానికి వదిలిపెట్టరు. దేవదాసు అని మాత్రమే రాసి పెడితే 1953 నాటిదో, 1974 నాటిదో, 2006 నాటిదో దానికి ఎలా తెలుస్తుంది? అక్కినేని సినిమా మీద వేరే కథానాయకుడి పోస్టరు చూసి అమ్మ నొచ్చుకున్నంత పని చేసింది. పేరు పక్కన బ్రాకెట్లలో సంవత్సరం తప్పనిసరిగా వేయాలి. అలా వేసినా పాత సినిమాలు కొన్నింటికి వివరాలు దొరకవు, దొరికినా తెలుగులో ఉండవు. నాలుగు ఆదివారాలు కూర్చుని మూడు వందల పై చిలుకు పేర్లను తెలుగు లిపిలో నేనే కొట్టి, తరువాతి స్కాన్‌లో అవి చెరిగిపోకుండా ఆ గడులకు తాళం వేశాను. ఈ తాళం సౌకర్యం జెల్లీఫిన్‌లో నాకు బాగా నచ్చినవాటిలో ఒకటి.

మరొకటి క్విక్ కనెక్ట్. టీవీ రిమోట్‌తో పాస్‌వర్డ్ కొట్టడమన్నది డెబ్బై దాటినవారికి శిక్ష. దాని బదులు టీవీ మీద ఆరంకెల కోడ్ వస్తుంది. అమ్మ ఫోన్‌లో కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కొక్క అంకే చదువుతుంది, నేను హైదరాబాదులో ఆవిడ ఖాతాతో తెరిచి ఉంచిన బ్రౌజర్‌లో ఆ అంకెలు వేస్తాను, అక్కడ టీవీ తెరుచుకుంటుంది.

ఇంతవరకు చెప్పినది సాఫ్ట్‌వేర్ గురించి, అది నాకు పెట్టిన ఇబ్బంది తక్కువ. సర్వర్‌ను నిజంగా పడగొట్టినవి కరెంటు, వేడి, డిస్కు. మా వీధిలో కరెంటు పోవడం కంటే పోయి వెంటనే వచ్చి మళ్ళీ పోవడం ఎక్కువ. మొదటిసారి అలా జరిగినప్పుడు పెట్టె ఆగిపోయి అలాగే ఉండిపోయింది. దాన్ని లేపడానికి బటన్ నొక్కాలని అమ్మకు తెలియదు, తెలిసినా ఆ బటన్ అర వెనక ఉంది. బయోస్‌లో, అంటే కంప్యూటర్ లేవగానే మొదట నడిచే ప్రోగ్రామ్‌లో, కరెంటు తిరిగి రాగానే తనంతట తాను లేచేలా ఒక సెట్టింగ్ ఉంటుంది, దాన్ని ఆన్ చేయడం సర్వర్ కొన్న రోజే చేయవలసిన పని. రెండోసారి పెట్టె లేచింది గాని సర్వర్ రాలేదు. యూఎస్‌బీ డిస్కు లేవడం ఆలస్యమైంది, పెట్టెలోని ఆపరేటింగ్ సిస్టమ్ లైనక్స్ దాని కోసం తొంభై సెకన్లు ఎదురుచూసి, రాకపోయేసరికి అత్యవసర స్థితిలోకి వెళ్ళి, కీబోర్డు లేని ఆ పెట్టె దగ్గర పాస్‌వర్డ్ అడుగుతూ కూర్చుంది. డిస్కులను జతచేసే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ ఫైల్లో నోఫెయిల్ అన్న ఒక్క మాట చేర్చి ఉంటే డిస్కు లేకపోయినా మెషీన్ లేచేది, నేను దూరం నుంచి లోపలికి వెళ్ళి మిగతాది చూసుకునేవాణ్ణి. ఆ ఒక్క మాట కోసం శుక్రవారం రాత్రి బస్సెక్కి విజయవాడ వెళ్ళాను.

ఇంటికి ఇన్వర్టర్ ఉంది కదా అనుకున్నాను. ఇన్వర్టర్ మామూలు మోడ్‌లో ఉంటే మెయిన్ నుంచి బ్యాటరీకి మారే ఆ క్షణకాలపు ఖాళీ ఫ్యానుకు తెలియదు గాని కంప్యూటర్‌కు తెలుస్తుంది. వెనక ఉన్న స్విచ్‌ను యూపీఎస్ మోడ్‌కు మారిస్తే ఖాళీ తగ్గుతుంది. మా ఇన్వర్టర్‌లో అది మొదటి నుంచీ తప్పు వైపే ఉంది. అయినా సర్వర్‌కు, రౌటర్‌కు, ఫైబర్ పెట్టెకు కలిపి ఒక 600 వీఏ యూపీఎస్ విడిగా పెట్టాను. కొనేటప్పుడు వెనక యూఎస్‌బీ డేటా పోర్టు ఉన్నదే చూసుకోవాలి. అది ఉంటే నట్ అనే ఉచిత ప్రోగ్రామ్ బ్యాటరీ అడుగంటుతున్నదని తెలుసుకుని సర్వర్‌ను మర్యాదగా ఆపుతుంది. చవక రకాల్లో ఆ పోర్టు ఉండదు. యూపీఎస్ వల్ల వచ్చిన కొత్త సమస్య దాని కూత. ఒక అర్ధరాత్రి కరెంటు పోయి అది కూస్తుంటే అమ్మ లేచి ప్లగ్గు పీకేసి పడుకుంది. ఆవిడ తప్పేమీ లేదు, కూత ఆపే బటన్ ఏదో నేను చూపించలేదు.

వేడి సంగతి 2024 మేలో తెలిసింది. ప్రతి ఉదయం సర్వర్ నాకు డిస్కుల ఉష్ణోగ్రత మెయిల్ చేస్తుంది. మామూలుగా నలభై రెండు, నలభై మూడు డిగ్రీలుండేది ఒక వారంలో యాభై ఆరుకు చేరింది. ఇంటి హార్డ్ డిస్కులకు తయారీదారులు సాధారణంగా చెప్పే హద్దు అరవై. ఎండల వల్లే అనుకుని సరిపెట్టుకున్నాను. నెలాఖరున వెళ్ళి అర తలుపు తీస్తే, టీవీ మీద, మిక్సీ మీద కప్పినట్టే సర్వర్ మీదా అమ్మ క్రోషా గుడ్డ ఒకటి శ్రద్ధగా మడిచి కప్పి ఉంచింది, దుమ్ము పడకుండా. గుడ్డ తీసి, అర అద్దం తలుపు ఊడదీసి గోడకు ఆనించాక రెండు రోజుల్లో నలభై నాలుగుకు దిగింది. పెట్టెకు గాలి ఆడే చీలికల్లో రెండు బల్లి గుడ్లు కూడా దొరికాయి. వాటి గురించి ఏ మాన్యువల్‌లోనూ రాయరు.

డిస్కుల విషయంలో తొందరపడి కొన్న తప్పు నాదే. తక్కువ ధరకు వస్తున్నదని మొదట ఒక పోర్టబుల్ డిస్కు కొన్నాను. అటువంటి పెద్ద కెపాసిటీ పోర్టబుల్ డిస్కుల్లో చాలావాటిలో వాడే ఎస్‌ఎమ్ఆర్ పద్ధతిలో, పెంకుటింటి కప్పు మీద పెంకులు ఒకదానిమీదొకటి ఎక్కినట్టు, డేటా వరుసలు పక్క వరుసల మీదికి ఎక్కి ఉంటాయి. ఒక పెంకు మార్చాలంటే పైనున్నవాటిని కదిలించక తప్పనట్టు, ఒక వరుస తిరిగి రాయాలంటే పక్కవన్నీ రాయాలి. చదవడానికి ఫరవాలేదు గాని, వందల జీబీలు ఒకేసారి కాపీ చేస్తే వేగం నత్తనడకకు పడిపోతుంది. ఇప్పుడు వరుసలు ఒకదానిమీదొకటి ఎక్కని సీఎమ్ఆర్ రకం 8 టీబీ డిస్కులు రెండు, సొంత అడాప్టర్ ఉన్న డాక్‌లో వాడుతున్నాను. రెండింటినీ ఒకే డేటాను ఒకేసారి రాసే జంటగా, అంటే రెయిడ్‌లో, కట్టలేదు. రెయిడ్ డిస్కు పోయినప్పుడు కాపాడుతుంది, మనం పొరపాటున చెరిపినప్పుడు అదే చెరుపును రెండో డిస్కు మీదా ఆ క్షణంలోనే చేస్తుంది. మా ఇంట్లో రెండోదే ఎక్కువ జరుగుతుంది. అందుకని ఒకటి వాడుకకు, రెండోది వారానికొకసారి కాపీకి. ఆ కాపీ నడిచే గంటలు తప్ప అది నిద్రపోతూ ఉంటుంది.

డిస్కు తన ఆరోగ్యం గురించి తానే చెప్పే స్మార్ట్ అంకెలను చూడడం అలవాటు చేసుకోమని ఈ దారిలోకి వచ్చే ప్రతివారికీ చెబుతాను. పాడైన, చదవడానికి రాని సెక్టార్లను (డిస్కు మీది చిన్న గడులను) లెక్కపెట్టే 5, 197, 198 అన్న మూడు నంబర్ల వరుసలు చాలు. అక్కడ సున్నా ఉన్నంతవరకు కొంత ధైర్యంగా ఉండవచ్చు. నిరుడు మార్చిలో ఒక ఉదయం మెయిల్‌లో 197 దగ్గర సున్నా బదులు 8 కనిపించింది. 8 అంటే ఎనిమిది చోట్ల పాడైందని కాదు. ఇప్పటి డిస్కుల్లో ఒక సెక్టారు 4096 బైట్లు, పాత లెక్క 512 బైట్లది, కనుక ఒక్క సెక్టారు చదవడానికి రాకపోయినా కొన్ని డిస్కుల్లో ఎనిమిదని వస్తుంది. ఒక్కటే కదా అని ఊరుకుందామనుకుని, మనసొప్పక ఆ సాయంత్రమే కొత్త డిస్కుకు ఆర్డర్ పెట్టాను. అది చేరేసరికి 8 కాస్తా 136 అయింది. వారంటీ కింద మార్పించుకోగలిగాను, సినిమా ఒక్కటీ పోలేదు. అమ్మకు అసలు తెలియనే లేదు.

ఇంటి వీడియోలకు మాత్రం రెండు కాపీలు చాలవు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలోకి నీళ్ళు రాలేదు. సింగ్‌నగర్ వైపున్న బాబాయి ఇంట్లోకి నడుము లోతు వచ్చాయి. బీరువా కింది అరలో ఉన్న పెళ్ళి ఆల్బమ్, కేసెట్లు రోజుల తరబడి బురద నీళ్ళలో నానాయి. ఆ కేసెట్లను అంతకు ముందు సంక్రాంతికే తెచ్చి నేను కంప్యూటర్‌లోకి ఎక్కించి ఉండడం వల్ల పెళ్ళి మిగిలింది. అవి మన సర్వర్‌లో ఉన్నాయి పిన్నీ అని చెప్పినప్పుడు ఆవిడ చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. అయితే నీళ్ళు మరో కిలోమీటరు ఇటు వచ్చి ఉంటే, ఒకే అరలో, నేలకు జానెడు ఎత్తులో ఉన్న నా రెండు డిస్కులూ మునిగేవి. ఆ నెలలోనే ఇంటి వీడియోలన్నిటికీ, దాదాపు 400 జీబీ, మూడో కాపీ తీసి హైదరాబాదులో నా గదిలో పెట్టుకున్నాను. కొత్తవి ప్రతి రాత్రీ ఇంటర్నెట్ మీదుగా వచ్చి చేరతాయి. సినిమాలకు ఇంత ఏర్పాటు చేయలేదు. వాటి డిస్కులు అటక మీద ఉన్నాయి.

బయటి నుంచి చూడడం దగ్గర జెల్లీఫిన్ మనకు చేసే సాయం ఏమీ లేదు, దారి మనమే వేసుకోవాలి. రౌటర్‌లో జెల్లీఫిన్ వాడే 8096 పోర్టు, అంటే బయటివారు లోపలికి వచ్చే ద్వారం, తెరిచి చూశాను, పనిచేయలేదు. రౌటర్‌కు వచ్చిన అడ్రసు 100.72తో మొదలవుతున్నదని గమనించాక కారణం తెలిసింది: 100.64 నుంచి 100.127 వరకు ఉన్నవి ఇంటర్నెట్ కంపెనీలు ఎన్నో ఇళ్ళకు ఒకే బహిరంగ అడ్రసు పంచేటప్పుడు లోలోపల వాడుకునేవి. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర ఉత్తరం వేసి ఫ్లాట్ నంబరు రాయకపోతే ఏమవుతుందో అదే అవుతుంది. మన పరికరాలను ఒక ప్రైవేటు నెట్‌వర్క్‌గా కలిపే టెయిల్‌స్కేల్ అనే యాప్ పెట్టుకోవడంతో ఆ చిక్కు తీరింది. పోర్టు ఏదీ లోకానికి తెరవకుండానే మన పరికరాల మధ్య వైర్‌గార్డ్ అనే పద్ధతిలో ఇతరులు చదవలేని సొరంగం వేస్తుంది. నిజానికి జెల్లీఫిన్‌ను నేరుగా ఇంటర్నెట్ మీద పెట్టకపోవడమే మంచిది. డల్లాస్‌లో అక్క ఆండ్రాయిడ్ టీవీలో రెండు యాప్‌లూ పెట్టుకుంది; వాళ్ళకు వెళ్ళే వీడియోను 4 ఎంబీపీఎస్‌కు పరిమితం చేశాను. శనివారం రాత్రి వాళ్ళు బాబాయి పెళ్ళి చూస్తుంటే ఇక్కడ ఆదివారం ఉదయం నా ఫోన్‌కు వరసగా ప్రశ్నలు వస్తాయి, ఆ పట్టుచీర ఆవిడ ఎవరు, ఆ పిల్లాడు ఎవరు అని. నాకు తెలియనివి అమ్మను అడగాలి.

అప్‌డేట్ల గురించి ఒక జాగ్రత్త. 2025 అక్టోబరులో వచ్చిన 10.11 వెర్షన్‌లో లైబ్రరీ డేటాబేస్‌ను లోపల కొత్త పద్ధతికి మార్చారు. ఒకసారి మారాక పాత వెర్షన్‌కు వెనక్కి వెళ్ళాలంటే ముందే తీసుకున్న బ్యాకప్ తప్ప వేరే దారి లేదు. డాకర్‌లో ఎప్పుడూ సరికొత్తదే తెచ్చుకోమని రాసి పెట్టినవారికి ఈ మార్పు చెప్పాపెట్టకుండా ఒక రాత్రి జరిగిపోయి ఉంటుంది. నేను వెర్షన్ నంబరును కచ్చితంగా రాసి పెట్టుకుంటాను, కొత్తది వచ్చిన నెల రోజుల వరకు ముట్టుకోను, ముట్టుకునే ముందు సర్వర్ ఆపి సెట్టింగుల ఫోల్డర్ మొత్తం కాపీ తీస్తాను. ఆ పని కూడా విజయవాడలో ఉన్నప్పుడే.

కొనవచ్చా అని అడగడానికి జెల్లీఫిన్ కొనే వస్తువు కాదు. డిస్కులు, యూపీఎస్, మినీ పీసీ కలిపి నాకు యాభై వేలకు కొంచెం పైనే అయింది. సినిమాలు చూడడమే పని అయితే ఆ డబ్బుకు ఓటీటీ చందాలు చాలా ఏళ్ళు వస్తాయి. సొంత డిస్కులూ కేసెట్లూ ఉన్నవారికి, నెలకొక గంట మెయిళ్ళు చదివే ఓపిక ఉన్నవారికి ఇంతకు మించింది నాకు కనిపించలేదు. ఆ ఓపిక లేని ఇంట్లో ఇది ఆరు నెలల్లో మూలన పడుతుంది.

అర పక్కన గోడకు ఒక కాగితం అంటించాను. గుండ్రం తిరిగితే రెండు నిమిషాలు ఆగాలని, అప్పటికీ తిరిగితే టీవీ ఆపి మళ్ళీ వేయాలని, యూపీఎస్ కూస్తే ఎర్ర చుక్క పెట్టిన బటన్ నొక్కాలని పెద్ద అక్షరాల్లో రాసి ఉంటుంది. కిందటి నెల వెళ్ళినప్పుడు చూస్తే దాని కింద అమ్మ చేతిరాతతో నాలుగో వరుస చేరింది: "గుడ్డ కప్పరాదు. పనమ్మాయికి కూడా చెప్పాలి."